హిరుకావ మాస్టారి చేతిలో కత్తెర

హిరుకావ సదయోషి మాస్టారు కమిసుగి రెండో ఉన్నత పాఠశాలలో ముప్ఫై ఎనిమిదేళ్ళు పనిచేశారు. పేరుకు లెక్కల మాస్టారు. ఆయన దగ్గర లెక్కలు వచ్చినవాళ్ళు మా ఊళ్ళో ఇంతవరకు తారసపడలేదు గాని, ఆయన వల్ల క్రాపు పోగొట్టుకున్నవాళ్ళు అడుగుకొకరు కనిపిస్తారు. సహకార బ్యాంకు మేనేజరు, అగ్నిమాపక దళం నాయకుడు, బౌద్ధ మఠం పూజారి, వీళ్ళంతా ఒకప్పుడు పడవ ముక్కులా ముందుకు పొడుచుకొచ్చిన క్రాపులతో, మోకాళ్ళు దాటిన నల్లకోట్లతో, స్టేషను మెట్ల మీద గొంతుక్కూర్చుని, దారిన పోయే పెద్దమనుషుల వంక గుడ్లురిమి చూసినవాళ్ళే. పూజారి గారికి గుండు తరవాత వృత్తిరీత్యా వచ్చింది గాని, మొదటిసారి మాస్టారి చలవే.

మాస్టారి పద్ధతి ఊరందరికీ కంఠతా వచ్చు. ఉదయం ఏడున్నరకు స్కూలు గేటు దగ్గర నిలబడేవారు. చొక్కా జేబులోంచి స్టీలు స్కేలు తీసేవారు. ముందు జుట్టు కనుబొమలను, పక్క జుట్టు చెవులను, వెనక జుట్టు కాలరును ముట్టరాదని నియమావళిలో ఉంది. ముట్టిందా, ముడితే ఎన్ని మిల్లీమీటర్లు అనేది నోటుపుస్తకంలో రాసేవారు. తరవాత నేరస్థుణ్ణి వెంటబెట్టుకుని రోడ్డు దాటి ఒదగిరి మిత్సుయో గారి సెలూనుకు నడిచేవారు. ఆమె కత్తిరించేవారు. ఈయన గోడవార బెంచీ మీద కూర్చుని రైతుసంఘం పత్రిక చదివేవారు. పని పూర్తయ్యాక మళ్ళీ కొలిచి, కుర్రవాణ్ణి తరగతిలో దిగబెట్టేవారు.

ఈ మొత్తం వ్యవహారంలో ఆయన ఏనాడూ కత్తెర ముట్టలేదు. "పట్టుకున్నవాడే శిక్ష కూడా వేశాడంటే అది న్యాయం కాదు, కక్ష" అనేవారు. ఈ మాట ఆయన ఎక్కడా చదివి చెప్పింది కాదు. ఉత్తరపు పొడిగాలిలో గేటు దగ్గర నిలబడి నిలబడి, స్వయంగా ఆలోచించి కనిపెట్టారు.

ఇంత శుద్ధమైన చరిత్రకు మచ్చ తెచ్చింది ఉసామి కెన్సకు.

ఉసామి చదువుకునే రోజుల్లో పోకిరీ కాదు. పోకిరీలు దగ్గితే తను క్షమాపణ చెప్పే రకం. టేబుల్ టెన్నిస్ జట్టులో ఏడో ఆటగాడు. జట్టుకు ఆరుగురు చాలు. ఒకే ఒక్కసారి, గవదబిళ్ళలు వచ్చి మూడు వారాలు ఇంట్లో ఉండి వచ్చినప్పుడు, అతని ముందు జుట్టు కనుబొమల కిందికి నాలుగు మిల్లీమీటర్లు దిగింది. మాస్టారు కొలిచారు, రాశారు, నడిపించారు. ఆ నాలుగు మిల్లీమీటర్లలోంచి, పదకొండేళ్ళ తరవాత, 'ఇనుప నుదురు' అనే బొమ్మల కథ పుట్టింది. ఇప్పటికి అరవై ఒక్క సంపుటాలయింది.

ఇరవై తొమ్మిదేళ్ళుగా వారపత్రికలో వస్తున్న ఆ కథలో కథానాయకుడు కుమాగై అనే పోకిరీ. ఎదుటివాణ్ణి నుదుటితో ఢీకొట్టి ఓడిస్తాడు. ఇరవై తొమ్మిదేళ్ళుగా రెండో సంవత్సరమే చదువుతున్నాడు, ఎందుకు పాసవడం లేదని ఏ విద్యాశాఖా అడగలేదు. ఇరవై ఆరు స్కూళ్ళ పోకిరీలు అతనికి శత్రువులు. వాళ్ళందరినీ మించిన శత్రువు ఒకడున్నాడు. బట్టతల, మెడదాకా పెట్టిన గుండీ, జేబులో స్టీలు స్కేలు. పేరు మార్చి 'కత్తెర మాస్టారు' అన్నంత మాత్రాన ఎవరో తెలియనివాళ్ళు మా జిల్లాలో లేరు.

మొదటి సంపుటంలో ఆయన చేతిలో ఉన్నది దర్జీ కత్తెర. అయిదో సంపుటానికి అది గొర్రెల బొచ్చు తీసే కత్తెర అయింది. పన్నెండులో తోటమాలి కత్తెర పట్టుకుని వంతెన మీద పరిగెత్తారు. కథ టీవీలో కార్టూనుగా వచ్చినప్పుడు ఆ కత్తెరకు చప్పుడు చేర్చారు. రంగస్థలం మీద ఆడినప్పుడు ఆయనకొక పాట పెట్టారు, రెండు చేతులా రెండు కత్తెరలు ఆడిస్తూ గంతులు వేసి పాడాలి. పచింకో ఆటయంత్రాల్లోకి కూడా ఎక్కించారు. ఓడిపోయినప్పుడల్లా తెర మీదికి మాస్టారు వచ్చి 'చక్కు'మని కత్తిరించి పోతారు. ఆ విధంగా, చదువుతో ఎన్నడూ సంబంధం లేని జనం కూడా ఆయన్ను రోజుకు నలభైసార్లు తిట్టుకునే సౌకర్యం కలిగింది.

మాస్టారు కోర్టుకు వెళ్ళే మనిషి కాదు. ఏటా కొత్త సంవత్సరానికి పత్రిక వారికి ఒక కార్డు రాసేవారు. శుభాకాంక్షలు, ఆరోగ్యం జాగ్రత్త, తరవాత ఒక వాక్యం: "మొదటి సంపుటం నలభై నాలుగో పేజీలో నేను కత్తెరతో కనిపిస్తున్నాను. నేను ఏనాడూ కత్తెర పట్టలేదు. సవరించగలరు." పత్రిక వారూ మర్యాదస్తులే. ఏటా బదులుగా ఒక కేలండరు పంపేవారు. కేలండరు మీద కత్తెర మాస్టారి బొమ్మ ఉండేది. తేదీలు అవసరం కనుక ఆయన దాన్ని గోడకు తగిలించి, బొమ్మ మీద తెల్లకాగితం అంటించేవారు.

పదవీ విరమణ నాటికి జాగ్రత్త మరీ ముదిరింది. ఊళ్ళో పెద్ద దుకాణం తెరుస్తూ రిబ్బను కత్తిరించమని పిలిస్తే, కత్తెర చూసి రెండడుగులు వెనక్కి వేశారు. ఆఖరికి మేయరు కత్తిరించాడు. ఇంట్లో అన్నంలోకి తినే సముద్రనాచు పొట్లం కూడా పళ్ళతోనే చింపేవారు. మిత్సుయో గారు ఒకసారి అడిగారు: "ఎవరు చూడొచ్చారు మాస్టారూ, మీ వంటింట్లో?"

"ఎవరూ చూడనప్పుడు పట్టినా పట్టినట్టే" అన్నారాయన.

ఇలా ఉండగా పోయిన శరదృతువులో రెండు వార్తలు కలిసి వచ్చాయి. 'ఇనుప నుదురు' ఈ చలికాలంతో ముగిసిపోతుందట. దాన్ని నిజం మనుషులతో సినిమాగా తీస్తున్నారట, షూటింగు మా రెండో ఉన్నత పాఠశాల పాత భవనంలోనేనట. మర్నాడే పత్రిక నుంచి ఒక అమ్మాయి ఫోను చేసింది. ఉసామి గారు మంగళవారం పది గంటలకు స్వయంగా వస్తున్నారు, మీ ఇరవై తొమ్మిది కార్డులూ చదివారు, ఆఖరి భాగంలో అరపేజీ సవరణ వెయ్యడానికి ఒప్పుకున్నారు, ఒకటి రెండు విషయాలు మీ నోటితో వింటే చాలు అని.

మాస్టారు ఫోను పెట్టేసి, పెట్టేసిన ఫోనుకు వంగి నమస్కారం పెట్టారు. డెబ్భై ఆరేళ్ళ వయసులో, పోయేలోపు తన పేరు కడిగి ఆరేసుకునే అవకాశం అరపేజీ మేర వచ్చింది.

సోమవారం ఉదయం ఆయన ఉసామికి ఇవ్వడానికి యోకన్ మిఠాయి పెట్టె కొని, స్టేషను మీదుగా ఇంటికి వస్తున్నారు. మెట్ల మీద ముగ్గురు కుర్రాళ్ళు గొంతుక్కూర్చుని ఉన్నారు. మోకాళ్ళు దాటిన నల్లకోట్లు. పడవ ముక్కు క్రాపులు. నూనె వాసన రోడ్డు అవతలికి కొడుతోంది.

మాస్టారి కాళ్ళు ఆగిపోయాయి. మా ఊళ్ళో అలాంటి క్రాపు కనబడి ఇరవై ఆరేళ్ళయింది. ఆఖరిది పెంచిన కుర్రాడికి ఇప్పుడు పెంచుకోవడానికి జుట్టే లేదు. ఈ కాలపు పిల్లలు నుదుటి మీద తడి నాచులా జుట్టు పరుచుకుని, ఎవరినీ గుడ్లురమకుండా, ఫోను చూస్తూ పోతారు. వాళ్ళలో కొలవడానికి ఏమీ లేదు. సినిమా ఊళ్ళోకి వస్తే పిల్లలు మళ్ళీ పాడవుతారని మాస్టారు వార్డు మీటింగులో హెచ్చరించనే హెచ్చరించారు. సినిమా వాళ్ళంటే పెద్ద బస్సులో వచ్చి, స్కూలు జిమ్ములో వేషాలు వేసుకుంటారని ఆయన నమ్మకం. కనుక మెట్ల మీద ఉన్నవాళ్ళు అసలు సిసలు పోకిరీలు. ఆయనకు కోపం వచ్చింది. కోపం వెనకే, చెప్పుకుంటే బాగుండదు గాని, సంతోషం కూడా వచ్చింది.

"లేవండ్రా" అన్నారు.

ముగ్గురూ లేచారు. అదే మొదటి వింత.

"ఏ సంవత్సరం?"

"రెండో సంవత్సరం సార్, ముగ్గురమూ" అన్నాడు మధ్యలో ఉన్నవాడు.

"ఎక్కడికి?"

"రెండో ఉన్నత పాఠశాలకండి. పన్నెండు గంటలకు గేటు దగ్గరుండమన్నారు."

"ఈ తలలతోనా?"

కుర్రాడి ముఖంలో కంగారు కనబడింది. "ఏం సార్, బాగాలేవా?"

మాస్టారు జేబులోంచి స్కేలు తీశారు. మధ్యవాడి క్రాపు నుదుటి నుంచి ముందుకు కొలిచారు. స్కేలు చాలలేదు. వేలు అడ్డం పెట్టి రెండోసారి కొలవాల్సి వచ్చింది. "పదిహేడున్నర సెంటీమీటర్లు" అన్నారు. "నా సర్వీసులో పదహారు దాటలేదు."

ఆ ముగ్గురూ సినిమా నటులు. మధ్యవాడు మినాసె రుయి, సాక్షాత్తూ కుమాగై వేషం అతనిదే. జుట్టు సొంతదే ఉండాలని దర్శకురాలు పట్టుబట్టగా ఎనిమిది నెలలు పెంచారు. వేషం ఒంటికి అలవాటు కావాలని కోట్లతోనే రైల్లో వచ్చారు. టై కట్టుకున్న పెద్దమనిషి నడివీధిలో స్టీలు స్కేలు తీసి మిల్లీమీటర్లతో సహా జుట్టు కొలిస్తే, ఆయన జుట్టు విభాగం పెద్ద కాక ఇంకెవరవుతారని వాళ్ళు అనుకున్నారు. సినిమా వాళ్ళు ఎవర్ని ఎందుకు పంపారో అడగకూడదని కొత్త నటులకు మొదటి వారమే నేర్పుతారు.

"నా వెంట రండి" అన్నారు మాస్టారు.

ముగ్గురూ వరసగా నడిచారు. అది రెండో వింత. ముప్ఫై ఎనిమిదేళ్ళలో ఎవడూ అలా నడవలేదు. సందు మలుపులో పరిగెత్తేవాడు, కడుపునొప్పి అనేవాడు, మా నాన్న పోలీసు అనేవాడు. వీళ్ళలో పొడుగువాడు మిఠాయి పెట్టె బరువుగా ఉందేమో నేను మోస్తానని అడిగి తీసుకున్నాడు.

సెలూను తలుపుకు తెర దింపి ఉంది. మిత్సుయో గారు లోపల కూర్చుని ముల్లంగి ఊరగాయ తరుగుతున్నారు. డెబ్భై ఏళ్ళ మనిషి. నలభై ఎనిమిదేళ్ళుగా ఆ కుర్చీ వెనక నిలబడి, ఊళ్ళో ఎవరి తల మీద ఎన్ని సుడులున్నాయో చెప్పగలరు.

"ఇవాళ సోమవారం మాస్టారూ" అన్నారు తల ఎత్తకుండానే.

"తెలుసు."

"తెలిసీ తెచ్చారా." అప్పుడు తలెత్తి ముగ్గురినీ చూశారు. చేతిలో కత్తి వదిలి లేచి నిలబడ్డారు. "అమ్మమ్మమ్మ. ఏం క్రాపులు. ఎవరు చేశారు నాయనా ఇవి? చెయ్యి తిరిగినవాళ్ళే. ఈ నూనె ఇప్పుడు ఎక్కడ దొరుకుతోంది?"

"తరవాత మురిసిపోవచ్చు. కత్తిరించండి" అన్నారు మాస్టారు.

"చెప్పాగా. సోమవారం. సోమవారం సెలవు, మా సెలూన్ల సంఘం సభ్యులెవరూ కత్తెర ముట్టకూడదు. అవతలి వీధి తకెబె పోయినేడు సోమవారం పూట సొంత మనవడికి మెడ వెనక నున్నగా చేశాడని, మూడు నెలలు సంఘంలో అతనితో ఎవరూ మాట్లాడలేదు. వాళ్ళావిడ కూడా సభ్యురాలే."

"పన్నెండింటికి వీళ్ళు గేటు దాటతారట. ఈ తలలతో దాటనిస్తే నేను ముప్ఫై ఎనిమిదేళ్ళు అక్కడ నిలబడిందంతా గాలికి."

"మీరు రిటైరై పదహారేళ్ళు."

"నియమం రిటైర్ కాలేదు."

"మరి నా నియమం మాత్రం అయిందా?"

నియమం అన్న మాటకు ఎదురు చెప్పడం మాస్టారికి చిన్నప్పటి నుంచీ చేతకాదు. మిత్సుయో గారు గూటిలోని కత్తెర వంక చూశారు. "ఒక సంగతి. నేను సభ్యురాలిని. షాపు నాది, కత్తెర నాది, కాని సంఘం పుస్తకంలో షాపు గురించి, కత్తెర గురించి ఏమీ లేదు. సభ్యుల చేతుల గురించే ఉంది. మీరు సభ్యులు కారు."

"నన్ను పట్టమంటారా?" మాస్టారి ముఖం పాలిపోయింది. "రేపు పదింటికి ఉసామి వస్తున్నాడు. మీకు తెలుసు."

"తెలుసు కాబట్టే, రేపు పదకొండింటికి తీసుకురండి, నేను చేస్తా అంటున్నా."

ఆమె చెప్పింది న్యాయమే. మాస్టారు కూడా తలూపి, బహుశా వెనక్కి మళ్ళేవారే. కాని ఆ క్షణంలో మినాసె ముందుకు వచ్చి, కోటు విప్పి మడతపెట్టి బెంచీ మీద ఉంచి, కుర్చీలో కూర్చున్నాడు. అద్దంలోంచి మాస్టారి వంక చూసి అన్నాడు: "ముందు నాది తీసేస్తారా సార్? ఎంత పొట్టిగా కావాలో మీరు చెప్పండి. మీకు ఏది సరి అనిపిస్తే అదే."

ముప్ఫై ఎనిమిదేళ్ళు ఎదురు తిరిగిన తలలను చూసిన మనిషి. ఎదురు తిరిగితే ఏం చెయ్యాలో ఆయనకు తెలుసు. ఒక పోకిరీ తనంతట తాను మెడ వంచి, మీకు ఏది సరి అనిపిస్తే అదే అంటే ఏం చెయ్యాలో ఏ నియమావళిలోనూ లేదు. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. తరవాత గూటిలోంచి కత్తెర తీశారు.

మిత్సుయో గారు మళ్ళీ ముల్లంగి ముందు కూర్చుని, నోటితో నడిపించారు.

"దువ్వెన కింద, కత్తెర పైన. తిరగేశారు."

"ఇలాగా?"

"కొంచెం తియ్యండి. కొంచెం అన్నాను."

"ఒక వైపు ఎక్కువైంది."

"అయితే రెండో వైపూ తియ్యండి."

"ఇప్పుడు రెండో వైపు ఎక్కువైంది."

"స్కేలు పెట్టకండి మాస్టారూ, తల గుండ్రంగా ఉంటుంది. అది చెవి."

"క్షమించు నాయనా."

"ఫరవాలేదు సార్" అన్నాడు మినాసె, కొంచెం ఎగిరిపడి.

గంటంబావు పట్టింది. మినాసె తల సగం కొరికి వదిలేసిన మొక్కజొన్న పొత్తులా తయారయింది. పొడుగువాడి తల వెనక మెట్లు తేలాయి, కావాలంటే ఎక్కవచ్చు. మూడోవాడి వంతు వచ్చేసరికి మాస్టారికి చెయ్యి కుదిరిందన్న ధైర్యం కలిగింది, అందుచేత అన్నిట్లోకీ అదే ఘోరంగా వచ్చింది. మూడు తలలనూ కొలిచారు. కనుబొమలను, చెవులను, కాలరును ఏదీ ముట్టడం లేదు. నియమం అక్షరాలా నెగ్గింది.

మిత్సుయో గారు మినాసె మెడ మీది వెంట్రుకలు తుడిచిపెడుతూ ఊరికే అడిగారు: "ఎవరబ్బాయివి నాయనా? ఈ ఊళ్ళో ఎప్పుడూ చూడలేదు."

"మాది టోక్యో అండి. కుమాగై వేషం నాదే. ఈ సారు మమ్మల్ని స్టేషనులోనే పట్టుకోబట్టి సరిపోయింది, లేకపోతే ఆ తలలతోనే షూటింగుకి వెళ్ళిపోయేవాళ్ళం."

మాస్టారి చేతిలో కత్తెర ఇంకా తెరిచే ఉంది.

"మూసి అక్కడ పెట్టండి మాస్టారూ" అన్నారు మిత్సుయో గారు, మెల్లగా.

పన్నెండు గంటలకు స్కూలు గేటు దగ్గర ఆ ముగ్గుర్నీ చూసి అసలు జుట్టు విభాగం పెద్ద మెట్ల మీద కూలబడ్డాడు. దర్శకురాలు నిరసాకి గారు ఒక్కో తలనూ వంచి చూశారు. ఇలాంటి తప్పుకు క్షమాపణగా మా వైపు గుండు కొట్టించుకోవడం మర్యాద. మాస్టారికి గుండు కొట్టడానికి సరంజామా లేదు. కనుక నడుము ఎంత వంగితే అంత వంచి, ఉసామి కోసం కొన్న యోకన్ పెట్టె ఆమె చేతుల్లో పెట్టి, అలాగే ఉండిపోయారు.

"ఎవరు కత్తిరించారు వీటిని?" అని అడిగారు నిరసాకి గారు, మూడో తల చుట్టూ తిరుగుతూ.

"ఈ సారు సెలూనుకి తీసుకెళ్ళారండి" అన్నాడు పొడుగువాడు.

"ఆ సెలూను ఆవిడకు నా నమస్కారం చెప్పండి" అన్నారు ఆమె. "కత్తెర మాస్టారి చేతికి చిక్కిన మర్నాడు వీళ్ళ తలలు ఎలా ఉండాలో తేలక మా వాళ్ళు పది రోజులుగా విగ్గులు పాడుచేస్తున్నారు. ఎంత పాడుచేసినా ఎక్కడో కాస్త అందం మిగులుతోంది. వీటిలో అది కూడా లేదు. ఆ సీను ముందు తీద్దాం. మిగతావాటికి విగ్గులు."

ఆ విధంగా సినిమా గట్టెక్కింది. మాస్టారు గట్టెక్కలేదు. సాయంత్రం మిత్సుయో గారి సెలూను బెంచీ మీద పత్రిక తెరిచి, ఒకే పేజీ చూస్తూ కూర్చున్నారు.

"ఎందుకండీ అంత" అన్నారు ఆమె. "అవి నా చేతి పనే అని అందరూ అనుకుంటున్నారు. అనుకోనివ్వండి. రేపు ఉసామి అడిగితే, నేను ఏనాడూ కత్తెర పట్టలేదని చెప్పండి, అచ్చేస్తాడు, అయిపోతుంది."

"ఆ మూడు తలలూ మీరే కత్తిరించారని ఊరంతా అంటుంది."

"అననివ్వండి."

"నలభై ఎనిమిదేళ్ళ పేరు."

"మీదీ పేరే గదా."

"సోమవారం కత్తిరించారని సంఘం అంటుంది."

మిత్సుయో గారు దువ్వెనలన్నీ ఒకసారి సర్దారు. "ఆ తకెబె కూడా బతికే ఉన్నాడుగా" అన్నారు.

మంగళవారం పది గంటలకు ఉసామి సెలూనుకే వచ్చాడు. యాభై ఆరేళ్ళు. మాస్టారిని చూడగానే అతని చెయ్యి దానంతటది పైకి వెళ్ళి, నుదుటి మీది జుట్టు వెనక్కి తోసింది. మాస్టారి చెయ్యి కూడా దానంతటది జేబు దాకా వెళ్ళింది గాని అక్కడ ఆగింది.

"కూర్చో ఉసామీ. టేబుల్ టెన్నిస్ ఆడుతున్నావా?"

"లేదండి. అప్పుడూ ఆడనివ్వలేదు గదండి." ఉసామి బెంచీ చివర అంటీముట్టనట్టు కూర్చున్నాడు. "మాస్టారూ, ముందు నన్ను క్షమించాలి. మిమ్మల్ని అవమానించాలని కాదు. వారానికి పంతొమ్మిది పేజీలు గీయాలి. సెలూను గీయాలంటే కుర్చీ, అద్దం, అద్దంలో మళ్ళీ కుర్చీ, సీసాలు, సీసాల మీద పేర్లు. సగం రోజు. కత్తెర మీ చేతికిస్తే రెండు గీతలు."

ఇరవై తొమ్మిదేళ్ళుగా మాస్టారు దీని వెనక కక్ష ఉందని, పగ ఉందని, సాహిత్య ప్రయోజనం ఏదో ఉందని రకరకాలుగా ఊహించారు. బద్ధకం ఉంటుందని ఊహించలేదు.

"నాకు చెబితే సీసాల పేర్లు రాసి పంపేదాన్నిగా" అన్నారు మిత్సుయో గారు.

ఉసామి సంచిలోంచి ఒక కాగితం తీసి మాస్టారి ఒళ్ళో పెట్టాడు. పెన్సిలుతో గీసిన అరపేజీ. మిత్సుయో గారు కత్తిరిస్తున్నారు. కుర్చీ, అద్దం, సీసాలు అన్నీ ఉన్నాయి. గోడవార బెంచీ మీద మాస్టారు, మెడదాకా గుండీ పెట్టుకుని, పక్కన పరిచిన పత్రిక చదువుతూ. ఒళ్ళో ఖాళీ చేతులు. బొమ్మ కింద ఒక వాక్యం: "నిజానికి ఈ మాస్టారు తన జీవితంలో ఏనాడూ కత్తెర పట్టలేదు."

"సరిపోయిందాండీ? ఇది నిజమేనని ఒక్క మాట మీరంటే, శుక్రవారం అచ్చుకు పంపేస్తాను."

మాస్టారు కాగితాన్ని వెలుగుకు పట్టి చూశారు. వదులైన బెంచీ కాలికి కట్టిన తాడు కూడా గీశాడు. ఇరవై తొమ్మిది కార్డులకు జవాబు అది. దేశంలో ఎంతమంది ఆ పత్రిక చదువుతారో, ఎంతమంది ఇక తనను చూసి తల దాచుకోవడం మానేస్తారో. ఔను అంటే చాలు. మిత్సుయో గారు అద్దం వైపు తిరిగి, తుడిచిన సీసానే మళ్ళీ తుడుస్తున్నారు.

"బొమ్మ చాలా బాగుంది ఉసామీ" అన్నారు మాస్టారు. "కింద రాసింది మొన్న ఆదివారం దాకా నిజం."

"అంటే?"

మాస్టారు లేచి నిలబడి, తరగతిలో పాఠం అప్పజెప్పే పిల్లవాడిలా మొత్తం చెప్పారు. స్టేషను, పదిహేడున్నర, గంటంబావు, మొక్కజొన్న పొత్తు. ఏదీ దాచలేదు. ఉసామి కళ్ళు అంతకంతకూ గుండ్రమవుతూ వచ్చాయి.

"ముగ్గురినా?"

"ముగ్గురినీ. ఈవిడ చెయ్యి పడలేదు. అది కూడా రాసుకో, ఈవిడకు సంఘం ఉంది."

"చెవి..." అని ఉసామి మొదలుపెట్టాడు.

"ఒకటే. కొంచెమే" అన్నారు మిత్సుయో గారు, వెనక్కి తిరక్కుండా.

ఉసామి భుజాలు కదలడం మొదలుపెట్టాయి. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియలేదు, మర్యాదస్తుడు కనుక ముఖం కాగితం చాటున పెట్టుకున్నాడు. చాలాసేపటికి పెన్సిలు తీసి, "మరి ఏం రాయమంటారు మాస్టారూ? పోనీ, తీసెయ్యనా?" అన్నాడు.

"తియ్యొద్దు. జరిగింది జరిగినట్టు రాయి. మిల్లీమీటరు ఎక్కువ వద్దు, తక్కువ వద్దు."

'ఇనుప నుదురు' ఆఖరి భాగం డిసెంబరు రెండో వారంలో వచ్చింది. కుమాగై ఎట్టకేలకు మూడో సంవత్సరంలోకి వచ్చాడు. చివరి పేజీ పైసగంలో అతను వంతెన దాటి పోతున్నాడు. కిందిసగంలో సెలూను, సీసాలు, బెంచీ మీద మాస్టారు. వాక్యం ఇలా ఉంది: "నిజానికి ఈ మాస్టారు ముప్ఫై ఎనిమిదేళ్ళ ఉద్యోగంలో ఏనాడూ కత్తెర పట్టలేదు. రిటైరైన పదహారేళ్ళకు, ఒక సోమవారం ఉదయం, పట్టారు. మూడు తలలు."

దేశమంతటా పాఠకులు దీనికి రకరకాల అర్థాలు చెప్పుకున్నారు. మూడు తలలంటే కథలోని మూడు ముఠాలని కొందరు, ఇంకో కథకు ఇది సూచన అని కొందరు, ఉసామి గారికి విశ్రాంతి అవసరమని కొందరు.

మాస్టారు పత్రిక పదకొండు ప్రతులు కొన్నారు. ఒకటి మిత్సుయో గారికి ఇచ్చి, బెంచీ మీద కూర్చుని తన ప్రతిలో కత్తెర తాలూకు ఆ రెండు గీతలు లేని చోటు, అంటే ఖాళీగా ఉన్న తన రెండు చేతుల చోటు, వేలితో తడిమి చూసుకున్నారు. తరవాత ఇంటికి వెళ్ళి, టీకి నీళ్ళు పెట్టి, సొరుగులోంచి కత్తెర తీసి, సముద్రనాచు పొట్లం ఒక మూల తిన్నగా కత్తిరించారు.